గుంటలు పన్నెండు, పని ఒక్కటే



ఈ రోజు కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి మాట్లాడుకుందాం. పెద్ద కంపెనీల ప్రోగ్రాములు కాదు. మన తోటపల్లి గూడూరు మండలంలో మేత కొట్లో, నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో, రొయ్యల గుంటల పక్కనుండే ఆఫీసు గదిలో, బల్ల మీది కంప్యూటర్లో నడిచే చిన్న ప్రోగ్రాములు. అలాంటివి రాయగలిగిన పిల్లలు ఇప్పుడు మన ఊళ్ళలోనే ఉన్నారు. డిగ్రీ చదివేవాళ్ళు, డిప్లొమా చదివేవాళ్ళు, నెల్లూరులో కోర్సు నేర్చుకుని వచ్చినవాళ్ళు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ళ కోసం. రైతులు కూడా వినండి. ఆ తెర మీద కనపడేది మీ గుంటల లెక్కే కదా.

ముందు ఆ తెరని మనసులో ఒకసారి చూసుకోండి. కోడూరు వైపు ఒక రైతుకి 12 గుంటలున్నాయనుకుందాం. అన్నిట్లోనూ వనామీ రొయ్యే. ఒకప్పుడు మన తీరంలో టైగర్ రొయ్య వేసేవాళ్ళు. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చి దాన్ని దెబ్బకొట్టింది. 2009లో వనామీ సాగుకి మన దేశంలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత గుంటలన్నీ మెల్లమెల్లగా వనామీ వైపు మళ్ళాయి. వనామీని చిక్కగా వేస్తారు. చిక్కగా వేసిన గుంటలో నీళ్ళ మీద కన్ను తీయకూడదు. అందుకని రోజూ ప్రతి గుంటకీ లెక్క రాస్తారు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంత, అంటే డీఓ. పీహెచ్ ఎంత. ఉప్పుదనం ఎంత. ఆ రోజు వేసిన మేత ఎన్ని కిలోలు.

గుంటకి నాలుగు లెక్కలు. గుంటలు 12. అంటే తెర మీద 48 గడులు. ఈ గడుల్నే ప్రోగ్రాం రాసేవాళ్ళు టెక్స్ట్ బాక్సులు అంటారు. టెక్స్ట్ బాక్సులు, బటన్లు, టిక్కు పెట్టే చెక్ బాక్సులు, అన్నిటినీ కలిపి కంట్రోల్స్ అంటారు. అవి అమర్చిన తెరని ఫారం అంటారు. ఈ ఐదు మాటలు గుర్తుంటే చాలు, మిగతాదంతా అర్థమైపోతుంది.

ఇప్పుడు కొత్తగా నేర్చుకున్న పిల్లవాడు ఈ ఫారం ఎలా రాస్తాడు? మొదటి గుంట డీఓ గడి కోసం నాలుగు లైన్లు రాస్తాడు. అంకె 4 కంటే తగ్గితే గడి ఎర్రగా మారాలని. బాగానే పనిచేస్తుంది. ఆ నాలుగు లైన్లే కాపీ చేసి రెండో గుంటకి పెడతాడు. నంబరు ఒక్కటి మారుస్తాడు. మూడో గుంటకి మళ్ళీ కాపీ. అలా పన్నెండుసార్లు. సాయంత్రానికి ప్రోగ్రాం తయారు. రైతు సంతోషిస్తాడు.

కొన్నాళ్ళకి టెక్నీషియన్ వచ్చి, 4 కాదు, 5 కంటే తగ్గినప్పుడే ఎర్రగా చూపించు, ముందే జాగ్రత్తపడదాం అంటాడు. మంచి సలహా. పిల్లవాడు కూర్చుని ఒక్కో చోటా 4 తీసి 5 పెడతాడు. 11 చోట్ల మారుస్తాడు. తొమ్మిదో గుంట దగ్గర చెయ్యి జారిపోతుంది. ప్రోగ్రాం ఏమీ అనదు. నడుస్తూనే ఉంటుంది. కానీ తొమ్మిదో గుంటలో డీఓ నాలుగున్నరకి పడినప్పుడు ఆ గడి తెల్లగానే ఉంటుంది.

దీని నష్టం ఎంతో గుంటల దగ్గర పనిచేసిన ఎవరికైనా తెలుసు. రాత్రంతా ఎండ ఉండదు. నీళ్ళలోని పచ్చటి నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు. పైగా నాచూ, రొయ్యా, అడుగున కుళ్ళే బురదా, అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున డీఓ అన్నిటికంటే తక్కువకి దిగుతుంది. ఆ వేళ ఏరియేటర్లు తిప్పాలా, ఇంకో రెండు కలపాలా అన్నది ఆ గడి రంగు చూసే నిర్ణయిస్తారు. ఆ రంగు అబద్ధం చెప్తే పెట్టిన పెట్టుబడి నీళ్ళపాలవుతుంది.

మరి ఎలా రాయాలి?

గుంటల దగ్గర పనిచేసే మనిషిని చూడండి. ఆయనకి మనం 12 రకాల పనులు నేర్పామా? లేదు. ఒక్కటే నేర్పాం. గట్టు మీదికి వెళ్ళు, మీటరు ముంచు, అంకె చూడు, గట్టు మీద బోర్డులో ఉన్న నంబరుకి ఎదురుగా పుస్తకంలో రాయి. అంతే. పని ఒక్కటి. మారేది బోర్డు మీది నంబరు. రేపు పదమూడో గుంట తవ్వితే ఆయనకి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. బోర్డు పాతితే చాలు.

ప్రోగ్రాం కూడా అలాగే ఉండాలి. పని ఒక్కచోట రాయాలి. ఆ పని చేసేటప్పుడు ఒక్క ప్రశ్న అడగాలి. ఇది ఏ గుంట? మళ్ళీ చెప్తున్నాను. పని ఒక్కచోట. ప్రశ్న ఒక్కటి. ఏ గుంట?

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ 1991లో విజువల్ బేసిక్ తెచ్చింది. 1998లో దాని ఆరో వెర్షన్ వచ్చింది. అందులో కంట్రోల్ అరే అని ఒక సదుపాయం ఉండేది. ఒక గడిని కాపీ చేసి అదే ఫారం మీద అతికిస్తే, ఈ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది, అరే తయారుచెయ్యమంటారా అని అదే అడిగేది. సరే అంటే ఆ గడులన్నిటికీ ఒకే పేరు వచ్చేది. ఒక్కోదానికి ఒక నంబరు వచ్చేది. ఆ నంబర్ని ఇండెక్స్ అనేవాళ్ళు. ఏ గడి మారినా ఒకే ప్రొసీజర్, అంటే ఒక్కచోట రాసిన పని, నడిచేది. నడిచేటప్పుడు ఆ ఇండెక్స్ చేతికి వచ్చేది. పేరు ఒకటి, నంబరు వేరు, పని ఒక్కచోట. మన గట్టు మీది బోర్డు లెక్కే.

2002లో విజువల్ బేసిక్ డాట్ నెట్ వచ్చింది. పాత కంట్రోల్ అరే అందులో లేదు. పాత ప్రోగ్రాములు కొత్తదాంట్లోకి మార్చాలనుకున్నవాళ్ళు అక్కడ ఆగిపోయారు. మంచి సదుపాయం తీసేశారని బాధపడ్డారు. వాళ్ళ బాధ న్యాయమైనదే అంటాను. కానీ వచ్చిన పద్ధతిలో ఒక బలం ఉంది. కొత్తదాంట్లో ఎన్ని గడుల్నైనా ఒకే ప్రొసీజర్‌కి కట్టొచ్చు. గడుల పేర్లు ఒకటే కానక్కర్లేదు. ప్రొసీజర్ నడిచినప్పుడు, నిన్ను పిలిచింది ఈ గడి అని డాట్ నెట్ ఆ గడినే దాని చేతికి ఇస్తుంది. దాన్ని సెండర్ అంటారు. అంటే నంబరు బదులు మనిషే వచ్చి ఎదురుగా నిలబడతాడన్నమాట. నీ గుంట ఏది అని నేరుగా అతన్నే అడగొచ్చు.

అడిగితే చెప్పడానికి ఆ గడి దగ్గర ఏముంది? ప్రతి కంట్రోల్‌కీ ట్యాగ్ అని ఒక ఖాళీ చోటు ఉంటుంది. దాన్ని వ్యవస్థ వాడుకోదు. మనకోసమే వదిలిపెట్టారు. అందులో గుంట నంబరు రాసుకోండి. పాత విజువల్ బేసిక్‌లో అందులో మాటలు రాసుకునేవాళ్ళం. డెల్ఫీ, లాజరస్ అనే సాధనాల్లో అంకె రాసుకుంటారు. డాట్ నెట్‌లో అయితే ఏ వస్తువునైనా పెట్టుకోవచ్చు. గుంట వివరాలన్నీ ఉన్న వస్తువునే అందులో పెట్టేయొచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇండెక్స్ మామూలుగా సున్నా నుంచి మొదలవుతుంది. మన గుంటలు ఒకటి నుంచి మొదలవుతాయి. ఇండెక్స్‌నే గుంట నంబరు అనుకుంటే ఒక గుంట లెక్క పక్క గుంటలో పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఐదో గుంటకి నడుమ గట్టు వేసి రెండు చేశారనుకోండి. ఐదు ఏ, ఐదు బీ అంటారు. అప్పుడు ఆ తర్వాతి ఇండెక్సులన్నీ ఒకటి జరుగుతాయి. కానీ ఆరో గుంట ఆరో గుంటే. దాని పాత లెక్కలు దానివే. అందుకని గుంట పేరు గట్టు మీద బోర్డులో ఎలా ఉందో అలాగే ట్యాగులో ఉండాలి. తెర మీద ఎన్నో స్థానంలో ఉంది అన్నది వేరే సంగతి. ఆ రెండిటినీ కలపొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా ఉద్దేశంలో ఇక్కడే ఎక్కువమంది తడబడతారు.

గుంపుగా చూడమన్నాం కదా అని, ఫారం మీదున్న టెక్స్ట్ బాక్సులన్నీ ఒక గుంపు అనుకుంటారు. పొద్దున్నే నిన్నటి అంకెలు తుడిచెయ్యడానికి ఒక బటన్ పెడతారు. దాని కింద ఒక లూప్, అంటే ఒకే పనిని ఒక్కోదాని మీదా వరసగా చేయించేది, రాస్తారు. ఫారంలో ఉన్న ప్రతి టెక్స్ట్ బాక్సునీ ఖాళీ చెయ్యి అని. చాలా చిన్న కోడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. బటన్ నొక్కితే 48 గడులూ ఖాళీ అవుతాయి. వాటితో పాటు రైతు పేరు ఖాళీ అవుతుంది. ఎకరాలు ఖాళీ అవుతాయి. సీడ్ వేసిన తేదీ ఖాళీ అవుతుంది. ఎందుకంటే అవి కూడా టెక్స్ట్ బాక్సులే.

రూపం ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. ఇది గట్టిగా చెప్పాలి. రూపం ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. డీఓ గడి, ఎకరాల గడి చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ డీఓ రోజూ మారేది. ఎకరాలు పంటంతా ఉండేవి. ఏది ఏ గుంపులోకి వస్తుందో ఫారానికి తెలియదు. మనం చెప్పాలి. ఫారం తెరుచుకునేటప్పుడే మన సొంత జాబితా ఒకటి తయారుచేసుకోవాలి. ఇవి డీఓ గడులు. ఇవి మేత గడులు. తర్వాత ఏ లూప్ రాసినా ఆ జాబితా మీదే రాయాలి. ఫారం మొత్తం మీద రాయకూడదు.

సొంత జాబితా ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. డాట్ నెట్ ఫారంని, నీ మీద ఏమేం ఉన్నాయి అని అడిగితే, నేరుగా తన మీద ఉన్నవే చెప్తుంది. ఒక్కో గుంట గడుల్నీ ఒక్కో గ్రూప్ బాక్సులో, అంటే గడుల్ని కలిపి ఉంచే పెట్టెలో, పెట్టామనుకోండి. ఫారం ఆ 12 గ్రూప్ బాక్సుల పేర్లు చెప్పి ఊరుకుంటుంది. లోపలున్న 48 గడుల మాట ఎత్తదు. లూప్ తప్పు లేకుండా నడుస్తుంది, ఒక్క గడి కూడా మారదు. పిల్లలు గంటలు గంటలు వెతుక్కుంటారు. పాత విజువల్ బేసిక్ ఆరులో అలాంటి పెట్టెని ఫ్రేము అనేవాళ్ళు, దాని లోపలివి కూడా ఒకే జాబితాలో వచ్చేవి. అందుకే అక్కడినుంచి వచ్చినవాళ్ళకి ఇది మరీ వింతగా ఉంటుంది. పైగా ఆ జాబితాలో వరస కూడా మన కంటికి కనపడే వరస కాదు. ఏది పైన ఉంది, ఏది దాని కింద ఉంది అనే లెక్కలో వస్తుంది. దాన్ని నమ్మి, మొదట వచ్చింది ఒకటో గుంటే అనుకోకూడదు.

కంట్రోల్స్‌ని పెట్టెలో పెట్టడం అలంకారం కోసం కాదు. దానికి అర్థం ఉంది. గుంట స్థితి చూపించే గుండ్రటి బటన్లు ఉంటాయి కదా. రేడియో బటన్లు. పంట ఉంది, పట్టుబడి అయింది, ఎండబెట్టారు. గుంటకి మూడు. వీటిల్లో ఒకటి నొక్కితే మిగతావి వాటంతటవే ఆరిపోవాలి. మరి మిగతావి అంటే ఏవి? ఒకే పెట్టెలో ఉన్నవి. 12 గుంటల బటన్లూ పెట్టెలు లేకుండా నేరుగా ఫారం మీద పెట్టారనుకోండి. రెండో గుంటకి పట్టుబడి అయింది అని నొక్కగానే ఒకటో గుంటకి పెట్టిన గుర్తు పోతుంది. మొత్తం 36 బటన్లలో ఒక్కటే వెలుగుతుంది. గుంటకొక పెట్టె పెడితే చిక్కు తీరిపోతుంది. జావా స్వింగ్‌లో అయితే పెట్టె చాలదు. బటన్ గ్రూప్ అని విడిగా కట్టాలి. పైథాన్ టికింటర్‌లో గుంటకొక వేరియబుల్ ఇవ్వాలి. పద్ధతులు వేరు. అడిగేది ఒక్కటే. వీళ్ళలో ఎవరు ఎవరి గుంపు?

పైథాన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకి వెళ్తాను. ఇప్పుడు చాలామంది అదే నేర్చుకుంటున్నారు. లూప్ పెట్టి 12 బటన్లు తయారుచేస్తారు. ప్రతి బటన్‌కీ, నొక్కితే ఈ నంబరు గుంట తెరువు అని చెప్తారు. నడిపి చూస్తే ఏ బటన్ నొక్కినా పన్నెండో గుంటే తెరుచుకుంటుంది. కారణం ఏంటంటే, ఆ బటన్లు నంబరుని తమ దగ్గర రాసి పెట్టుకోలేదు. నొక్కినప్పుడు వెళ్ళి లూప్ నంబరుని చూస్తాయి. అప్పటికి లూప్ పూర్తయిపోయింది. నంబరు 12 దగ్గర ఆగి ఉంది. అందుకని బటన్ తయారు చేసేటప్పుడే ఆ నంబరు నకలు దాని చేతికిచ్చెయ్యాలి. సీ షార్ప్‌లో కూడా మామూలు ఫర్ లూప్‌లో ఇదే చిక్కు వస్తుంది. అక్కడ లూప్ లోపల కొత్త వేరియబుల్‌లోకి నంబరు తీసుకుని దాన్ని వాడాలి.

ఇప్పుడు గుంపు ఎలా కట్టాలి? డీఓ గడులన్నీ ఒక గుంపా, లేక ఒక గుంటకి చెందిన నాలుగు గడులూ ఒక గుంపా? రెండూ సరైనవే. కానీ ఒకటి ఎంచుకోమంటే నేను గుంటనే ఎంచుకుంటాను. రైతు ఆలోచన గుంట లెక్కలో ఉంటుంది కాబట్టి. ఏడో గుంట ఎలా ఉంది అంటాడు. అన్ని పీహెచ్‌లూ చెప్పు అని ఎప్పుడో కానీ అనడు. అందుకని నాలుగు గడుల్నీ, స్థితి బటన్లనీ కలిపి ఒకే కొత్త కంట్రోల్‌గా చెయ్యండి. డాట్ నెట్‌లో దీన్ని యూజర్ కంట్రోల్ అంటారు. లాజరస్‌లో ఫ్రేమ్ అంటారు. దానికి గుంట అని పేరు పెట్టండి. రంగు మారే నియమం, తుడిచే పని, అన్నీ దాని లోపలే ఒక్కసారి రాయండి. ఫారం మీద ఆ గుంటల్ని పన్నెండు పేర్చండి. పదమూడోది కావాలంటే ఇంకోటి కలపండి. కోడులో ఒక్క లైను మారదు.

రంగు మారే నియమం రాసేటప్పుడు ఖాళీ గడి సంగతి మరిచిపోవద్దు. డీఓ చూడలేదు అంటే గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీని సున్నాగా తీసుకుంటే ప్రోగ్రాం ఆక్సిజన్ లేదని గోల పెడుతుంది. నాలుగు రోజులు అలా గోల పెడితే ఐదో రోజు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఖాళీకి ఒక రంగు, తక్కువకి ఒక రంగు ఉండాలి. రంగుతో పాటు చిన్న మాట కూడా రాయండి. ఎరుపు, పచ్చ తేడా తెలియని కళ్ళు కూడా ఉంటాయి.

ట్యాబ్ మీట నొక్కితే ఏ గడి తర్వాత ఏ గడికి వెళ్తుందో కూడా చూసుకోండి. గట్టు మీద రాసిన పుస్తకం పక్కన పెట్టుకుని ఒక మనిషి అంకెలు ఎక్కిస్తాడు. పుస్తకంలో గుంట వారీగా రాసి ఉంటే తెర మీద కూడా గుంట వారీగానే వెళ్ళాలి. పుస్తకం అడ్డంగా, తెర నిలువుగా వెళ్తే, పీహెచ్ గడిలో డీఓ పడుతుంది. ఎనిమిది అన్న అంకె రెండిట్లోనూ కుదురుతుంది కాబట్టి ప్రోగ్రాం పట్టుకోలేదు.

గుంటలు మరీ ఎక్కువైతే, 40, 50 ఉంటే, ఈ గడులన్నీ పక్కన పెట్టి గ్రిడ్ వాడండి. అడ్డ వరసలు, నిలువు వరసలు ఉన్న పట్టిక అది. అన్ని గడులు తెర మీద పేరిస్తే ప్రోగ్రాం నెమ్మదిస్తుంది, కన్నూ అలిసిపోతుంది. గ్రిడ్‌లో కూడా సూత్రం అదే. నియమం ఒక్కచోట రాస్తారు. వరస ఏ గుంటదో అడుగుతారు.

ఇవన్నీ నేర్చుకోవడానికి డబ్బు కట్టాల్సిన పని లేదు. లాజరస్ ఉచితం. పైథాన్, టికింటర్ ఉచితం. విజువల్ స్టూడియోలో కమ్యూనిటీ ఎడిషన్ చదువుకునేవాళ్ళకి ఉచితం. మామూలు కంప్యూటర్ ఉంటే సరిపోతుంది.

పిల్లలకి ఒక్క మాట. మీరు ఇప్పటికే రాసి ఎవరికైనా ఇచ్చిన ప్రోగ్రాం ఉంటే, ఈ వారంలో దాన్ని తెరవండి. నంబరు ఒక్కటే మారుతూ అవే లైన్లు మళ్ళీ మళ్ళీ వచ్చే చోటు వెతకండి. దాన్ని ఒక ప్రొసీజర్‌గా మార్చి, ప్రతి గుంటకీ తక్కువ అంకె ఒకటి ఇచ్చి, అన్ని గడులూ ఎర్రబడుతున్నాయో లేదో చూడండి. తర్వాతే రైతుకి ఇవ్వండి. రైతులూ, మీకు ప్రోగ్రాం ఇచ్చిన పిల్లవాడిని ఆ పరీక్ష మీ ముందే చేసి చూపించమని అడగండి.